“వాడే విధానం” రాయడమూ చదువే: గోదావరి జిల్లాల విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మేం టెక్నికల్ రైటర్లం. మందులతో, యంత్రాలతో వచ్చే “వాడే విధానం” కాగితాలు రాయడాన్ని డిగ్రీలో పాఠంగా పెట్టమని అడుగుతున్నాం. ఎందుకో ముందు ఒక ఉదాహరణతో చెబుతాం. దాళ్వా (రబీ వరి) చేలో పురుగు కనబడగానే రైతు కొట్టుకెళ్లి మందు డబ్బా తెచ్చుకుంటాడు. డబ్బాతోపాటు మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి వస్తుంది. మోతాదు హెక్టారుకి 1000 మిల్లీలీటర్లు, నీళ్లు 500 లీటర్లు అని అందులో ఉందనుకుందాం. డెల్టాలో హెక్టారు లెక్క ఎవరి నోటా వినబడదు. ఇక్కడ ఎకరాలూ సెంట్లూనే. వీపున ఉండేది 16 లీటర్ల ట్యాంకు. హెక్టారంటే 2.47 ఎకరాలు కాబట్టి ఎకరాకి మందు సుమారు 405 మిల్లీలీటర్లు, నీళ్లు 202 లీటర్లు. అంటే ఇంచుమించు పన్నెండున్నర ట్యాంకులు, ట్యాంకుకి 32 మిల్లీలీటర్లు. ఇన్ని భాగహారాలు గట్టు మీద నిలబడి ఎవరు చేస్తారు? “ట్యాంకుకి రెండు మూతలు” అని పోసేస్తారు. ఆ మూతలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో కాగితంలో ఉండదు.

పోనీ “లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు” అని సులువుగా రాద్దామా? చేతి పంపుకి అది సరిపోతుంది. అదే వాక్యం పట్టుకుని ఎకరాకి 10 లీటర్లే చల్లే డ్రోన్‌లో కలిపితే ఎకరం మొత్తానికి పడేది 20 మిల్లీలీటర్లు, అసలు మోతాదులో ఇరవయ్యో వంతు. పురుగు చావదు, మందు నకిలీదని గొడవ, మళ్లీ ఇంకో డబ్బా. డ్రోన్‌కి మోతాదు ఆ వాడకానికి అనుమతి పొందిన లేబుల్ నుంచే తీసుకోవాలని, చేతి పంపు లెక్క దానికి పనికిరాదని ఒక్క వాక్యం ఉంటే ఇదంతా తప్పుతుంది.

ఆ కాగితంలో ఏ అంకె తప్పు కాదు. చట్టం అడిగినవన్నీ ఉన్నాయి. రాసినవాళ్లు ఎవరి చేతిలో ఏ కొలత ఉంటుందో కనుక్కోలేదు, అంతే. ఆ కనుక్కోవడమే మా వృత్తిలో సగం. మందుల కరపత్రాలు, యంత్రాల మాన్యువళ్లు, సాఫ్ట్‌వేర్ హెల్ప్ పేజీలు రాసే ఈ పనిని టెక్నికల్ కమ్యూనికేషన్ అంటారు. దీన్ని డిగ్రీలో రెండు పేపర్లుగా పెట్టమని అడగడానికే ఈ లేఖ. కంపెనీ ఎలాగూ నేర్పేదాన్ని సిలబస్‌లో పెట్టకుండా, కంపెనీ ఎన్నటికీ నేర్పనిదాన్ని అందులో పెట్టమని దాంతోపాటు అడుగుతున్నాం.

ఇప్పటికే “కమ్యూనికేషన్ స్కిల్స్” పేపరు ఉంది కదా అనవచ్చు. అందులో ఉండేవి దరఖాస్తు లేఖ, రెజ్యూమె, గ్రూప్ డిస్కషన్. అవి విద్యార్థి తన గురించి తాను చెప్పుకోవడానికి. మేం అడుగుతున్నది ఒక పని ఎలా చెయ్యాలో ఇంకొకరికి చెప్పడం గురించి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది పేరు ఒక్కటే.

“ఉద్యోగంలో చేరాక అదే వస్తుంది” అనే మాట కూడా తరచుగా వింటాం. కొంత నిజమే. ఏ కంపెనీ అయినా తన టూలు, తన టెంప్లేటు, తన స్టైల్ గైడు కొత్తవాళ్లకి నాలుగు వారాల్లో నేర్పేస్తుంది. ఆ తర్వాత పాత మాన్యువల్ చేతికిచ్చి కొత్త వెర్షన్‌కి సవరించమంటుంది. పాత తప్పులు కొత్త వెర్షన్‌లోకి వచ్చేది అక్కడే. చదివేవాడికి ఏం తెలియదో తెలుసుకోవడం, ఇంజనీరు చేత సరైన జవాబు చెప్పించుకోవడం, రాసింది పనిచేస్తుందో లేదో మనిషి చేత చేయించి చూడడం, వీటికి రిలీజు తేదీ తరుముతున్నప్పుడు తీరికెక్కడ? సెమిస్టరులో అయితే తీరిక ఉంటుంది. తప్పు రాసినా చెరువు మీద ఎవరికీ షాక్ కొట్టదు.

చెరువంటే గుర్తొచ్చింది. భీమవరం, ఉండి, పాలకొల్లు వైపు రొయ్యల చెరువుల్లో తిరుగుతూ నీళ్లలో గాలి కలిపే 2 హెచ్‌పీ ప్యాడిల్ వీల్ ఏరియేటర్‌ని ఒక పాఠంగా తీసుకోండి. మాన్యువల్‌లో వాక్యం ఇలా ఉందనుకోండి: “యంత్రమును నడుపుటకు ముందు మోటారు తిరుగు దిశను సరిచూచుకొనవలెను.” వ్యాకరణానికి వంక పెట్టలేం. కానీ సరైన దిశ ఏది? ఎక్కడ చూస్తే తెలుస్తుంది? ఎదురు తిరిగితే ఏం చెయ్యాలి, ఎవరు చెయ్యాలి? ఎప్పుడెప్పుడు చూడాలి?

ఈ చివరి ప్రశ్నకి జవాబు ఇంజనీరు దగ్గర దొరక్కపోవచ్చు. చెరువు మీద ఉండే పనివాడు చెబుతాడు: లైను మరమ్మతు అయ్యాకో, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాకో ఒక్కోసారి ఏరియేటర్లన్నీ ఎదురు తిరుగుతాయని. మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే త్రీఫేజు మోటారు అలాగే తిరుగుతుంది. అంటే ఈ పరీక్ష బిగించిన రోజుతో అయిపోదు, లైను పని జరిగిన ప్రతిసారీ చెయ్యాలి. ఇప్పుడు అదే వాక్యాన్ని తిరగరాస్తే ఇలా వస్తుంది: “కరెంటు లైను మరమ్మతు జరిగిన ప్రతిసారీ ఇలా చూడండి. స్టార్టర్ పచ్చ బటన్ నొక్కండి. మూడు సెకన్లకి ఎర్ర బటన్ నొక్కండి. చక్రాలు కవరు మీది బాణం వైపు తిరిగాయా చూడండి. తిరిగితే మళ్లీ పచ్చ బటన్ నొక్కండి. ఎదురు తిరిగితే మెయిన్ స్విచ్ ఆపండి. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.” రెండు ఫేజు తీగలు అటూఇటూ మార్చే సంగతి ఎలక్ట్రీషియన్ చదివే పేజీలోకి వెళ్లాలి, దీన్లోకి కాదు. కవరు మీద అసలు బాణమే లేకపోతే, డిజైన్ చేసేవాళ్ల వెంటపడి అచ్చు వేయించాల్సింది కూడా రాసేవాళ్లే.

హెచ్చరిక సంగతి ఇంకా సున్నితం. ఎర్ర బటన్ నొక్కగానే మోటారు ఆగుతుంది కాబట్టి కరెంటు పోయిందనుకుంటారు. విడిపోయింది మోటారుకి కరెంటు కలిపే లోపలి స్విచ్, అంటే కాంటాక్టర్ ఒక్కటే. స్టార్టర్ పెట్టెలోకి వచ్చే తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. కాబట్టి “పెట్టె తెరవండి” అనే మెట్టుకి ముందే ఈ మాట రావాలి. తర్వాతి మెట్టులోనో, పుస్తకం మొదట్లో “భద్రతా సూచనలు” అనే పేజీలోనో పడేస్తే చదివేటప్పటికే చెయ్యి లోపల ఉంటుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే (ట్రిప్ చేసే) ఓవర్‌లోడ్ రిలేదీ అదే కథ. “తగిన విలువకు సెట్ చేయవలెను” అని రాస్తే, ట్రిప్ అవుతున్న కొద్దీ డయల్ పెంచుకుంటూ పోతారు. ఒక ఫేజు పోయిన రాత్రి మోటారు కాలిపోతుంది. నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపియర్లకే పెట్టాలని, ట్రిప్ అయితే డయల్ ముట్టుకోకుండా ముందు మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూపించుకోవాలని రాయాలి. “తగిన”, “తగినంత”, “అవసరమైన మేరకు” అనే మాటలు ఎక్కడ కనబడినా రాసినవాళ్లు అడగాల్సింది అడగలేదని గుర్తు.

చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. చీకటి, తడి చేతులు, కంగారు. పుస్తకం ఆ సమయానికి షెడ్డులో బీరువాలో ఉంటుంది. కాబట్టి దిశ చూడడానికి పైన తిరగరాసిన ఆ ఏడు వాక్యాలూ స్టార్టర్ పెట్టె తలుపు మీద స్టిక్కరుగా ఉండాలి. ఇది తెలియడానికి కంప్యూటర్ ల్యాబు పనికిరాదు, చెరువు దగ్గరికి ఒక్కసారి వెళ్లిరావాలి.

హెచ్చరిక మాటల గురించి ఇంకొకటి, ఇది పరీక్షలో ప్రశ్నగా ఇవ్వదగ్గది. యంత్రాల మాన్యువళ్లకి చాలామంది పాటించే అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ జెడ్535లో “డేంజర్” అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక, ప్రాణం పోయే సందర్భానికి వాడేది. మన 1971 పురుగుమందుల నియమాల్లో మాత్రం ఎరుపు, పసుపు గుర్తులున్న మందులకి “పాయిజన్” అని, వాటి తర్వాత వచ్చే నీలం గుర్తుకి “డేంజర్” అని, ఆకుపచ్చకి “కాషన్” అని ఉంటుంది. అనువాదకుడు రెండు చోట్లా “ప్రమాదం” అని వేసుకుంటూ పోతే అర్థం రెండు రకాలవుతుంది. ఏ ప్రమాణం కింద రాస్తున్నామో తెలియకుండా మాట ఎంచుకోకూడదని నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక తెలుగు. టెక్నికల్ రైటింగ్ అంటే ఇంగ్లీషు వ్యవహారమని ఇంగ్లీషు శాఖకి వదిలేయడం మాకు నచ్చని సంగతి. విమానాల మరమ్మతు పత్రాల కోసం పుట్టిన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్‌లో ఒక నియమం ఉంది: చెయ్యాల్సిన పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. దాన్ని తెలుగులోకి ఎత్తుకొస్తే కుదరదు. మన మాటలు విభక్తులూ ప్రత్యయాలూ కలుపుకుని ఒక్కటై కూర్చుంటాయి. “మూత తీసి, పాత ఆయిల్ వంపేసి, గుడ్డతో తుడిచి, కొత్త ఆయిల్ గాజు కన్ను మధ్య గీత దాకా పోసి, మూత బిగించి, స్విచ్ వేయాలి” అన్న వాక్యంలో మాటలు 20 కూడా లేవు, పనులు ఆరున్నాయి. ఆయిల్ చేతులతో తలెత్తి మళ్లీ కాగితం చూసేసరికి ఎక్కడున్నామో తెలియదు. తెలుగులో లెక్కపెట్టాల్సింది మాటల్ని కాదు, “తీసి, పోసి, బిగించి” లాంటి క్రియల్ని. మెట్టుకి ఒకటి, మహా అయితే రెండు.

వద్దనే మాట తెలుగులో చివర వస్తుంది. ఇరుకు లేబుల్ మీద “చక్రాలు పూర్తిగా ఆగేవరకు కవరు తీయ” దగ్గర లైను విరిగి “వద్దు” కింది లైనుకి జారితే, పై లైను చదివినవాడు కవరు తీస్తాడు. “తీయవద్దు” ఎన్నడూ విరగకుండా పెట్టడం, ఇంగ్లీషుకి సరిపోయిన లైన్ల ఎడంలో ఒత్తులు తెగిపోతాయి కాబట్టి ఎడం పెంచడం, ఇవి డీటీపీ వాళ్లకి చెప్పి చేయించాల్సిన పనులు. ఫాంటు విషయం కూడా పాఠమే. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో కట్టిన పాత ఫైలు వెబ్ పేజీలో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త వస్తుంది. దాన్ని వెతకలేం, సవరించి మళ్లీ వాడుకోలేం. మొదటి రోజునుంచీ ఎక్కడ అతికించినా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోనే రాయించండి. (విండోస్‌లో పాతకాలం నుంచీ ఉన్న తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన పిల్లలకి ఆ ఒక్క ముక్క చెబితే చాలు, ఫాంట్ల పాఠం శ్రద్ధగా వింటారు.)

ఇదంతా పొలం, చెరువు లెక్కలేననిపించవచ్చు. లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు దాదాపు అయిదు రెట్లవుతుంది, విరేచనాలతో నీరసించిన పసిపిల్లకి అది హాని. ప్యాకెట్ మీద “ఒక లీటరు” అని ఉంటుంది, ఇంట్లో లీటరు కొలత ఉండదు. లీటరు నీళ్ల సీసా బొమ్మ పక్కనే వేస్తే చాలు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముతో మాట్లాడే ద్వారాన్ని ఏపీఐ అంటారు. దానికి తేదీ ఏ రూపంలో పంపాలో డాక్యుమెంటులో లేకపోతే 03-04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అని ఎక్కడో ఒక ప్రోగ్రామర్ రోజంతా తల పట్టుకుంటాడు.

ఏఐ వచ్చాక ఈ చదువెందుకని అడిగేవాళ్లున్నారు. ఏఐ నున్నటి వాక్యాలు క్షణాల్లో ఇస్తుంది, నిజమే. మీ దగ్గరున్న ఏరియేటర్ కవరు మీద బాణం ఎటుందో దానికి తెలియదు. తెలియదని చెప్పకుండా “తయారీదారు సూచించిన దిశలో” అని రాసి ముందుకెళ్లిపోతుంది. మొదటి చిత్తుప్రతి రాసే పని చవకైపోయింది, సరిచూసే పని ఖరీదెక్కింది. అందుకని ల్యాబులో ఒక పని పెట్టండి: లేబులూ, ఏఐ రాసిన తెలుగు కరపత్రమూ పక్కపక్కన ఇచ్చి, ప్రతి అంకె లేబుల్‌లో ఎక్కడుందో విద్యార్థి చేత గుర్తు పెట్టించండి. గుర్తు పెట్టలేని అంకె కొట్టేయాలి.

ఈ చదువు కొత్తదేం కాదు. అమెరికాలో రెన్సిలర్ పాలిటెక్నిక్ 1953లోనే టెక్నికల్ రైటింగ్‌లో మాస్టర్స్ పెట్టింది, కార్నెగీ మెలన్ 1958లో డిగ్రీ మొదలుపెట్టింది. అదే 1953లో పుట్టి, ఇండియాలో కూడా శాఖ నడిపిన వృత్తి సంఘం ఎస్‌టీసీ (సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్) 2025 జనవరిలో మూతపడింది. కాబట్టి ఈ చదువుని వృత్తి సంఘాలకే వదిలేయలేం.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి, లేకపోతే పిల్లల్ని మోసం చేసినట్టవుతుంది. హైదరాబాదు, బెంగళూరుల్లో టెక్నికల్ రైటర్ ఉద్యోగానికి ఈ పేరుతో ఉన్న డిగ్రీయే కావాలని మామూలుగా అడగరు. ఇంగ్లీషు ఎంఏ వాళ్లు, బీఎస్సీ వాళ్లు, బీటెక్ వాళ్లు అందరూ వస్తారు. ఇంటర్వ్యూలో అడిగేది రాసిన నమూనాలు, ఆ తర్వాత ఒక రాత పరీక్ష. కాబట్టి మీరిచ్చే పేపరు పేరు మార్కుల జాబితాలో ఉన్నంతమాత్రాన ఉద్యోగం రాదు. ఆ పేపరులో తయారైన నమూనాలు చూపించగలిగితే వస్తుంది. ఇది తెలియక టూల్ పేర్లు, నిర్వచనాలు, “టెక్నికల్ రైటింగ్ లక్షణాలను వివరించుము” అనే పది మార్కుల ప్రశ్నలతో సిలబస్ కడితే ఇంకో గైడు పుస్తకం అమ్ముడుపోతుంది, అంతకుమించి ఏమీ జరగదు.

మా అంచనా ఇది. పేపరుకి 4 క్రెడిట్లు: రెండు పాఠానికి, రెండు ప్రాక్టికల్‌కి. క్రెడిట్‌కి పాఠమైతే 15 గంటలు, ప్రాక్టికల్ అయితే 30 గంటలు కాబట్టి 90 గంటలు దొరుకుతాయి. మొదటి పేపరులో విద్యార్థి ఒక పేజీ తెలుగు కరపత్రం, 8 నుంచి 12 పేజీల రెండు భాషల యంత్ర మాన్యువల్ తయారు చెయ్యాలి. రెండో పేపరులో ఒక చిన్న ఏపీఐకి డాక్యుమెంటేషన్, మార్క్‌డౌన్ అనే తేలిక గుర్తుల పద్ధతిలో రాసి, ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్‌లో ఉంచి. సమాచారాన్ని ముక్కలుగా విడదీసి నిల్వ చేసే డీఐటీఏ పద్ధతి (2005 నుంచి ఓఏఎస్ఐఎస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణం) ఇక్కడే చెప్పాలి. అందులో నేర్వాల్సింది మూడు గంటల పని: భావన వేరు, పని వేరు, పట్టిక వేరు, మూడింటినీ ఒకే పేరాలో కలపొద్దు. మిగిలినదంతా సాఫ్ట్‌వేర్ మీటలు, వాటిని ఉద్యోగంలో నేర్చుకుంటారు.

ప్రతి నమూనానీ అయిదుగురి మీద పరీక్షించాలి. పరీక్ష పద్ధతి సులువే, పాటించడమే కష్టం. యంత్రమో ప్యాకెట్టో ఎదురుగా పెట్టి కాగితం చేతికిస్తారు. విద్యార్థి నోరు మెదపకూడదు. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి తిప్పారు, ఏ మెట్టు దాటేశారు, ఎన్ని నిమిషాలు పట్టింది రాసుకోవాలి. “అర్థమైందా అండీ?” అని అడిగితే పరీక్ష పాడైనట్టే. మన గోదావరి మర్యాదకి అందరూ అర్థమైందనే అంటారు. ప్రమాదం ఉన్న యంత్రమైతే కరెంటు తీసేసి, మందు డబ్బా అయితే ఖాళీది కడిగి వాడకుండా కొత్త సీసాలో మామూలు నీళ్లు పోసి చేయించాలి. మార్కులు నూటికి ఇలా పంచొచ్చు: సమాచారం సరిగ్గా ఉందా అన్నదానికి 25, పరీక్షకీ ఆ తర్వాత చేసిన సవరణకీ 25, క్రమానికి 20, భాషకి 20, పేజీ రూపానికి 10. భాషకి 20 తక్కువనిపిస్తే, పైన చెప్పిన ఆ “సరిచూచుకొనవలెను” వాక్యానికి మీరైతే ఎన్ని వేస్తారో ఒకసారి చూడండి.

పాఠం ఎవరు చెబుతారన్నది అసలు చిక్కు. ఇంగ్లీషు, తెలుగు శాఖల నుంచి ఒక్కొక్కరు, ఆ సెమిస్టరు తీసుకున్న విషయానికి సంబంధించిన శాఖ నుంచి ఇంకొకరు కలిసి చెప్పకపోతే కుదరదు. మందు మోతాదు తప్పయినప్పుడు పట్టుకునేది భాషా శాఖ కాదు. ప్రాక్టికల్ గంటల్లో సగం మాలాంటివాళ్లు వచ్చి దిద్దుతారు. శనివారాలు మాకు వీలే, ఖర్చులు అడగం.

కొత్తగా ఊళ్లవెంట తిరిగే ఏర్పాటు కూడా అక్కర్లేదు. మొదటి సంవత్సరం వేసవిలో ప్రతి డిగ్రీ విద్యార్థీ 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తున్నాడు. సర్వే ఫారాలు నింపి స్పైరల్ బైండింగ్ చేయించే బదులు, ఒక ఊళ్లో వాడుతున్న కరపత్రాలు సేకరించి, ఎవరు దేన్ని ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నారో రాసుకొస్తే రెండో సంవత్సరం ల్యాబుకి అదే ముడిసరుకు. మారుటేరులో వరి పరిశోధన కేంద్రం, ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం ఎలాగూ దగ్గర్లోనే ఉన్నాయి. విద్యార్థులు తిరగరాసినదాన్ని అక్కడి శాస్త్రవేత్తల చేత చూపించకుండా ఏ రైతు చేతికీ ఇవ్వకూడదన్నది మా గట్టి షరతు.

తేదీల విషయం మాత్రం జాగ్రత్త. రెండో, నాలుగో లాంటి సరి సంఖ్య సెమిస్టర్ల తరగతులూ దాళ్వా నాట్లూ దాదాపు ఒకేసారి మొదలవుతాయి. మందు కరపత్రం మొదటి చిత్తుప్రతి సంక్రాంతి సెలవులకి ముందే పూర్తవ్వాలి, పిల్లలు పండక్కి ఇళ్లకెళ్లినప్పుడు సొంత ఊళ్లోనే అయిదుగురి మీద పరీక్షించుకొస్తారు. నోటిఫికేషన్ ఆలస్యమై ఫిబ్రవరిలో మొదలైతే ఆ అవకాశం పోతుంది, కోతల వేళ మందు కాగితం ఎవరి చేతికిచ్చినా విసుక్కుంటారు. అందుకే ఈ విషయాన్ని వచ్చే బోర్డు సమావేశం ఎజెండాలోనే చేర్చమని మనవి.

ఇట్లు,
గోదావరి జిల్లాల నుంచి వెళ్లి టెక్నికల్ రైటింగ్‌లో పనిచేస్తున్న కొందరం